‘మా వంశమే అంత’

ఆర్కే బీచ్‌లో తెల్లారకుండానే నాలుగు కిలోమీటర్లు నడిచి, ఆ చెమట ఆరకముందే నేతి కారప్పొడి ఇడ్లీ బండి దగ్గర ఆగే మా బావ, పొట్ట మాట ఎత్తితే ఒకటే అంటాడు: “మా నాన్నకీ ఇంతేరా, మా వంశమే అంత.” మొన్న వేసవిలో కళ్లజోడు మార్పించుకోవడానికి వెళ్లాడు. చుక్కలు వేసి, అరగంట కూర్చోబెట్టి, లైటు వేసి లోపలికి చూసిన డాక్టరుగారు పవర్ సంగతి పక్కన పెట్టి, “షుగర్ టెస్టు ఎప్పుడు చేయించారు?” అని అడిగారు.

ఒంట్లో సన్న రక్తనాళాలను కోత లేకుండా నేరుగా చూడగలిగే చోటు కంటి వెనక తెర. ఒళ్లు బాగా పెరిగినవాళ్లకు అక్కడ ధమనులు ఇరుకై, సిరలు వెడల్పవుతాయి. 1661లో ఇటలీ డాక్టరు మల్పీగీ కప్ప ఊపిరితిత్తిలో కేశనాళికలను, అంటే అతి సన్న రక్తనాళాలను, చూసేదాకా అవి ఎవరి కంటా పడలేదు. 1851లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కంటిలోకి చూసే పరికరం చేశాక డాక్టర్లకు ఆ కిటికీ తెరుచుకుంది.

తిండి ఆ నాళాలను మారుస్తుందని ఆ కిటికీలోంచే చూపించినవాడు కెంప్నర్ అనే డాక్టరు. 1939 నుంచి అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో, బీపీ ముదిరిన రోగులకు అన్నం, పళ్లు, పంచదార పెట్టాడు. చాలామందికి బీపీ దిగింది. కంటి వెనక వాపు, రక్తపు మరకలు తగ్గిన ఫొటోలు చూపించాడు. అన్నం మందు అనగానే మనవాళ్లు మురిసిపోతారేమో, ఆ పథ్యంలో ఉప్పు దాదాపు లేదు. ఆవకాయ లేదు, అప్పడం లేదు.

మరి వంశం? 1990లో కెనడాలో బూషార్ అనే పరిశోధకుడు 12 జతల ఒకేపోలిక కవలలకు 84 రోజులు, రోజుకు 1000 కేలరీలు ఎక్కువ తినిపించాడు. ఒకరు 4 కిలోలు పెరిగితే ఇంకొకరు 13. కానీ ఒకే జతలో అన్నదమ్ములు మాత్రం దగ్గరదగ్గరగా పెరిగారు. ఎవరికి ఎంత అన్నది పుట్టుకలో ఉంది, నిజమే. అయితే అంత తిని పెరగనివాడు ఒక్కడూ లేడు. 2007లో ఎఫ్‌టీవో అనే జన్యువుకూ ఒంటి బరువుకూ సంబంధం దొరికినప్పుడు పేపర్లు ‘ఊబకాయం జన్యువు’ అని రాశాయి. యూరప్‌వాళ్లలో ఆ జన్యువులో బరువు పెంచే రకం రెండు కాపీలూ ఉన్నవాళ్లు, ఆ రకం అసలు లేనివాళ్లకంటే సుమారు 3 కిలోలు ఎక్కువ. మా బావ పొట్టకి ఆ మూడు కిలోలు ఏ మూలకి?

మన దగ్గర చిక్కు బరువులో లేదు. 2004లో పుణె డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఫొటో దిగారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు లెక్క, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం మారథాన్లు పరిగెత్తే యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2. బీఎంఐ లెక్కకి ఇద్దరూ ఒకటే.

ఆ యుడ్కినే మరుసటి ఏడాది ఇంకో ముక్క కలిపాడు. మామూలుగా భోజనం చేశాక ఇన్సులిన్ కండరాల్లో సన్న ధమనులను వదులు చేసి, చక్కెర లోపలికి పోయే దారి తీస్తుంది. అందుకు నాళం లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును వదలాలి. ఆ పొర మహిమను 1980లో బయటపెట్టిన అమెరికా శాస్త్రవేత్త ఫర్చ్‌గాట్‌కి 1998లో నోబెల్‌లో వాటా దక్కింది. నాళం చుట్టూ కొవ్వు పేరుకుంటే అందులోంచి వచ్చే రసాయనాలు ఆ పనికి అడ్డుపడతాయని యుడ్కిన్ బృందం వాదన. నాళం విచ్చుకోదు, చక్కెర రక్తంలోనే నిలిచిపోతుంది. అంటే సన్న నాళాలు షుగర్ వల్ల చెడిపోవడం ఒక్కటే కాదు, అవి మొరాయించడం వల్ల కూడా షుగర్ రావచ్చు. కంటి డాక్టరుగారి ప్రశ్న వెనక ఇంత ఉంది.

నడుము కొలత మన మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటకూడదు, ఆడవాళ్లకు 80. మా అక్క కుట్టుమిషన్ దగ్గరి టేపు తెచ్చి కొలిస్తే బావకి 101. ఊపిరి బిగపట్టాడు, 98కి వచ్చింది. ఇప్పుడూ బండి దగ్గర ఆగుతున్నాడు. నెయ్యి వద్దంటున్నాడు. కొబ్బరి చట్నీ మాత్రం రెండోసారి వేయించుకుంటున్నాడు.