పిల్లల సాకర్‌లో వయసు గీత మళ్లీ ఎందుకు జరిగింది?

అమెరికాలో పిల్లల సాకర్ క్లబ్బుల్లో 2026 ఆగస్టులో మొదలయ్యే సీజన్ నుంచి వయసు లెక్క మారుతోంది. ఇంతవరకూ జనవరి 1 నుంచి డిసెంబరు 31 దాకా ఒకే ఏడాదిలో పుట్టిన పిల్లలది ఒక జట్టు. ఇకమీదట ఆగస్టు 1 నుంచి మరుసటి జులై 31 లోపు పుట్టినవాళ్లది ఒక జట్టు. దాదాపుగా బడిలో ఒకే తరగతి పిల్లలన్నమాట. పిల్లల సాకర్ నడిపే సంస్థలు యూఎస్ యూత్ సాకర్, ఏవైఎస్ఓ (అమెరికన్ యూత్ సాకర్ ఆర్గనైజేషన్), యూఎస్ క్లబ్ సాకర్ మూడూ ఒకే మాట మీదికి వచ్చి తీసుకున్న నిర్ణయమిది. నేను న్యూజెర్సీలో మా ఊరి క్లబ్బులో పదేళ్లలోపు పిల్లలకు వాలంటీరు కోచ్‌ని. నాలుగేళ్లుగా ఒకే జట్టుగా ఆడుతున్న పిల్లలు విడిపోతారా, మళ్లీ ట్రైఔట్‌కి, అంటే జట్టు ఎంపికకి, రావాలా అని తెలుగు తల్లిదండ్రులు ఫోన్లు చేసి అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నలే. కానీ జవాబు తేదీలో లేదు. ఆ తేదీ ఎవరి అవసరం కోసం పెట్టారన్న దాంట్లో ఉంది.

కాలిఫోర్నియాలోని టోరెన్స్‌లో 1964లో తొమ్మిది జట్లతో ఏవైఎస్ఓ మొదలైంది. అందరూ ఆడాలన్నది దాని మొదటి నియమం. వచ్చిన ప్రతి పిల్లా, పిల్లాడూ కనీసం సగం ఆట మైదానంలో ఉండి తీరాలి. 1974లో యూఎస్ యూత్ సాకర్ ఏర్పడింది. మరుసటి ఏడాది పెలే న్యూయార్క్ కాస్మోస్ అనే ప్రొఫెషనల్ క్లబ్బులో చేరాడు. 1977 ఆగస్టులో, ఇదే న్యూజెర్సీలోని జెయింట్స్ స్టేడియంలో కాస్మోస్ ఆట చూడటానికి 77,691 మంది వచ్చారు. ఊరూరా పిల్లల క్లబ్బులు లేచాయి. కోచ్‌లుగా దిగిన అమ్మానాన్నల్లో చాలామంది చిన్నప్పుడు ఈ ఆట ఆడినవాళ్లు కారు. తెలిసిందల్లా పెద్దల ఆట. దాన్నే తెచ్చి పిల్లల ముందు పెట్టారు. చాలాచోట్ల పదేళ్ల పిల్లలు కూడా పెద్ద మైదానంలో, వైపుకు పదకొండు మంది చొప్పున ఆడేవాళ్లు. కాస్త ఒళ్లూ బలమూ ఉన్న ఒకరిద్దరు బంతి వెంట పరుగెత్తేవాళ్లు, మిగతావాళ్లు చూస్తూ నిలబడేవాళ్లు.

ఈ నిలబడటాన్ని లెక్కగట్టి చూపించింది బెల్జియం. అక్కడి ఫుట్‌బాల్ సమాఖ్యలో మిషెల్ సబ్లాన్ నాయకత్వంలో, లువేన్ విశ్వవిద్యాలయం సాయంతో, పిల్లల మ్యాచులు 1,500 దాకా వీడియో తీసి పరిశీలించారు. బాగా చిన్నపిల్లలు అరగంటలో బంతిని తాకేది రెండేసి సార్లేనని తేలింది. ఈత నేర్పుతామని తీసుకెళ్లి అరగంట గట్టున కూర్చోబెట్టినట్టే కదా ఇది! దాంతో చిన్నవాళ్లకు ఇద్దరిద్దరు, ఐదుగురేసి, ఎనిమిదిమందేసి ఆడే ఆటలు పెట్టారు. ఏడు, ఎనిమిదేళ్లలోపు వాళ్లకు పాయింట్ల పట్టికలు తీసేశారు. ఆ దేశం 2018 ప్రపంచకప్‌లో మూడో స్థానంలో నిలిచింది.

కెనడా ఇదే దారిలో నడిచింది. అక్కడ ఇస్త్వాన్ బాలీ అనే హంగరీ మూలాల శిక్షకుడు 1990లలో ఒక నమూనా తయారుచేశాడు. ఏ వయసుకు ఏది నేర్పాలో అదే నేర్పాలి, పన్నెండేళ్లవాణ్ణి పెద్ద ఆటగాడి కొలతలతో కొలవకూడదు అన్నది దాని సారం. అక్కడి ఆంటారియో రాష్ట్రంలో 2013-14 ప్రాంతంలో పన్నెండేళ్లలోపు పిల్లలకు స్కోర్లు, పట్టికలు దశలవారీగా ఎత్తేశారు. పెద్ద గొడవే అయింది. 2013లో కెనడా ప్రభుత్వ ప్రసార సంస్థ సీబీసీ రేడియో హాస్య కార్యక్రమం ఒకటి, ఫలానా క్లబ్బు పోటీ మనస్తత్వం పోవాలని బంతినే తీసేసిందంటూ కల్పించి చెబితే, అది నిజమనుకుని కోప్పడినవాళ్లు ఎందరో. పట్టిక లేని ఆటంటే పెద్దలకు అంత భయం.

ఆటను నేర్పాల్సిన విద్యకు తగ్గట్టు మార్చుకోవచ్చన్న సంగతి మన హైదరాబాదుకు చాలా ముందే తెలుసు. బడి పంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ అక్కడ డ్రిబ్లింగ్ (బంతిని కాలి దగ్గరే ఉంచుకుని పరుగెత్తటం) లేని పోటీలు, బలం తక్కువున్న కాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టించేవారు. ఆయన శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. 1963లో ఆయన పోయారు. ఆ పద్ధతిని ఆ స్థాయిలో కొనసాగించినవాళ్లు లేకపోవడం నాకు ఇప్పటికీ బాధే.

ఇక అమెరికా సంగతి. 2015లో యూఎస్ సాకర్ సమాఖ్య ఒకేసారి రెండు మార్పులు ప్రకటించి, 2017 ఆగస్టుకల్లా అందరూ పాటించాలంది. మొదటిది ఆట కొలతలు. ఎనిమిదేళ్లలోపు వాళ్లకు నలుగురేసి, గోల్‌కీపరు లేకుండా. పదేళ్లలోపు ఏడుగురేసి, పన్నెండేళ్లలోపు తొమ్మిదిమందేసి. పదమూడో ఏటి జట్టుకు గానీ పదకొండుమంది ఆట లేదు. రెండోది వయసు గీత. అప్పటిదాకా ఆగస్టు 1 దగ్గర ఉన్నదాన్ని జనవరి 1కి జరిపారు. మిగతా ప్రపంచంలో అలాగే ఉందని, జాతీయ జట్లకు పిల్లల్ని ఎంచటం తేలికని చెప్పారు.

నా దృష్టిలో మొదటి మార్పు పిల్లల కోసం వచ్చింది, రెండోది ఎంపిక చేసేవాళ్ల కోసం వచ్చింది. మొదటిది నిలిచింది, రెండోది పదేళ్లు తిరక్కుండానే వెనక్కి పోతోంది.

మొదటిది ఎలా పనిచేస్తుందో మా మైదానంలో రోజూ చూస్తాను. ఏడుగురి ఆటలో మైదానానికి అడ్డంగా బిల్డౌట్ గీత ఉంటుంది. గోలీ బంతి పట్టగానే ఎదుటి జట్టు ఆ గీత వెనక్కి పోవాలి. గోలీ బంతిని గాల్లోకి తన్నకూడదు, పక్కనున్న పిల్లకు దొర్లించాలి, లేదా విసరాలి, లేదా పాస్ ఇవ్వాలి. మా జట్టులో ఒక పాప మొదటి నెలంతా ఆ బంతి అందుకోవటం, తడబడటం, పోగొట్టుకోవటం. ఒకే ఆటలో మూడు గోల్స్ అలా పడ్డాయి. మడత కుర్చీల్లోంచి "కొట్టెయ్, దూరంగా కొట్టెయ్!" అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అరుపులు. అక్టోబరు చివర ఒక శనివారం అదే పాప బంతి ఆపి, తలెత్తి చూసి, మీదికొస్తున్న పిల్లాడి పక్కనుంచి మధ్యలోకి పంపింది. ఆ ఆట మేం ఓడిపోయాం. ఆ పాస్ మాత్రం నాకింకా కళ్లముందే ఉంది.

రెండోది వేరే కథ. జనవరి గీత వల్ల చివరి నెలల్లో పుట్టిన పిల్లలు తమకంటే పై తరగతి వాళ్లతో ఆడాల్సొచ్చింది. ఆ పైవాళ్లు హైస్కూల్ జట్లకు వెళ్లిపోయే సీజన్లో, ఇంకా ఎనిమిదో తరగతిలో ఉన్న వీళ్లకు జట్టే ఉండదు. చిక్కుకుపోయిన ఆటగాళ్లని వీళ్లకు పేరే పడింది. చిన్నపిల్లలైతే స్నేహితులు లేని జట్టులో ఆడలేక మానేశారు.

అలాగని కొత్త గీత వచ్చి అన్నీ సర్దేస్తుందని తల్లిదండ్రులకు నేను చెప్పటం లేదు. తొమ్మిదేళ్ల వయసులో పదకొండు నెలల తేడా అంటే బతికిన కాలంలో పదో వంతు. 1985లో రోజర్ బార్న్‌స్లీ అనే మానసిక శాస్త్రవేత్త కెనడా ఐస్ హాకీలో ఈ సంగతి బయటపెట్టాడు. పై స్థాయి జట్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువ. గీతకు దగ్గరగా ముందు పుట్టినవాడు పెద్దగా కనిపిస్తాడు, ఎంపికవుతాడు, మంచి కోచ్ దొరుకుతాడు, నిజంగానే మెరుగవుతాడు. గీత జరిగితే నష్టపోయే నెల మారుతుంది, నష్టం పోదు. పైగా మా న్యూజెర్సీలో చాలా ఊళ్లలో బడి గీత అక్టోబరు 1, కాబట్టి ఆగస్టు, సెప్టెంబరు పిల్లలు కొందరు ఇప్పుడు కింది తరగతి వాళ్లతో పడతారు.

ఆ నష్టాన్ని తగ్గించాలంటే ఎనిమిది, తొమ్మిదేళ్లకే బాగా ఆడేవాళ్లది 'ఏ' జట్టు, మిగతావాళ్లది 'బీ' జట్టు అని పిల్లల్ని విడదీయటం ఆపాలి. సమాఖ్య నియమాలు మైదానం కొలతలు చెప్పాయి, బంతి సైజు చెప్పాయి, ఈ విషయం క్లబ్బులకే వదిలేశాయి. క్లబ్బులేమో తల్లిదండ్రులు కట్టే ఫీజుల మీద నడుస్తాయి. గెలిచే జట్టుంటే పక్క ఊరి పిల్లలు కూడా వస్తారు.

కొత్త లెక్క ప్రకారం మా జట్టు జాబితా వేసి చూశాను. ఆ పాప పుట్టింది జులై 24న. ఇప్పటిదాకా జట్టులో నడిమి వయసు, ఇకనుంచి అందరికంటే చిన్నది. ట్రైఔట్‌లో పక్కన నిలబడే పిల్లలు తనకంటే అరచెయ్యి ఎత్తు ఎక్కువుంటారు. ఈ ఏడాదికి 'ఏ', 'బీ' జట్లు రెండూ కలిపి సాధన చేయించాలని, శనివారం ఆటలకు పిల్లల్ని అటూ ఇటూ మార్చాలని మా క్లబ్బును అడిగాం. ఒప్పుకున్నారు, పన్నెండు వారాల వరకు.