గిల్డ్ గెలిచిన స్క్రీన్‌ప్లేకే ఆస్కారా? అపోహలు - వాస్తవాలు

ఆస్కార్ అంచనాలు రాయడమే నా పని కావడం వల్ల, ప్రతి ఏటా అవార్డుల కాలంలో నాకు ఒకే ప్రశ్న పదే పదే ఎదురవుతుంది: "రైటర్స్ గిల్డ్ వాళ్లు ఫలానా సినిమాకు ఇచ్చేశారు కదా, ఇక ఆస్కార్ కూడా దానికే కదండీ?" రైటర్స్ గిల్డ్ అంటే అమెరికా స్క్రీన్‌ప్లే రచయితల సంఘం, అది కూడా ఏటా అవార్డులు ఇస్తుంది. అమెరికాలోని మనవాళ్లు ఆఫీసు పందేలలో ఎక్కువగా నష్టపోయేది ఈ నమ్మకం దగ్గరే కాబట్టి ముందుగా దీని సంగతి చూద్దాం.

అపోహ: గిల్డ్ విజేతే ఆస్కార్ విజేత.

వాస్తవం: గిల్డ్ తన ఒప్పందం కింద గానీ, తనతో అనుబంధమున్న ఇతర దేశాల గిల్డ్‌ల ఒప్పందాల కింద గానీ రాసిన స్క్రిప్టులనే పోటీకి తీసుకుంటుంది. ఆస్కార్లు ఇచ్చే అకాడమీకి ఆ షరతు లేదు. అందువల్ల ఆ ఏటి బలమైన స్క్రీన్‌ప్లే ఒక్కోసారి గిల్డ్ బరిలోనే ఉండదు. 'ది కింగ్స్ స్పీచ్', 'జాంగో అన్‌చెయిన్డ్', '12 ఇయర్స్ ఎ స్లేవ్', 'బర్డ్‌మన్', 'ది ఫాదర్', 'బెల్‌ఫాస్ట్', 'అనాటమీ ఆఫ్ ఎ ఫాల్', 'కాన్‌క్లేవ్' చిత్రాలన్నీ గిల్డ్ పోటీలో లేకుండానే స్క్రీన్‌ప్లే ఆస్కార్ గెలిచాయి. ఇన్ని ఉదాహరణలు కళ్లముందు ఉండగా "గిల్డ్‌లో నామినేషన్ కూడా రాలేదు, ఇక దాని పని అయిపోయింది" అన్న పుకారు ఏటా ఎలా పుడుతుందో నాకు అర్థం కాదు.

2022లో డాలస్‌లో ఉంటున్న మా పిన్ని కొడుకు ఎక్సెల్‌లో ఒక్కో అవార్డుకు ఒక్కో కాలమ్ పెట్టి, ఎంతో శ్రద్ధగా లెక్కలు వేసి, ఒరిజినల్ (సొంత కథతో రాసిన స్క్రీన్‌ప్లే) విభాగంలో 'డోంట్ లుక్ అప్' మీద పందెం కాశాడు. వారం ముందే దానికి గిల్డ్ అవార్డు వచ్చింది. తీరా ఆస్కార్ 'బెల్‌ఫాస్ట్'కు వెళ్లింది. "గిల్డ్ ఎలా తప్పింది అన్నయ్యా?" అని బాధగా ఫోన్ చేశాడు. గిల్డ్ నామినేషన్లను, ఆస్కార్ నామినేషన్లను పక్కపక్కన పెట్టి చూడమన్నాను. ఐదింటిలో మూడే ఉమ్మడిగా ఉన్నాయి: 'డోంట్ లుక్ అప్', 'కింగ్ రిచర్డ్', 'లికరిష్ పిజ్జా'. 'బెల్‌ఫాస్ట్', 'ది వర్స్ట్ పర్సన్ ఇన్ ది వరల్డ్' గిల్డ్ జాబితాలోనే లేవు. గిల్డ్ తప్పలేదు, అసలు ప్రత్యర్థి లేని పోటీలో విజేతను ఎంచింది, అంతే. కష్టపడి లెక్కలు వేసేవారే ఇలా దెబ్బతినడం చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే వారికి కావలసింది ఇంకొక కాలమ్ మాత్రమే: ఆ స్క్రిప్టుకు గిల్డ్‌లో అర్హత ఉందా, లేదా?

అర్హత ఉన్నా విభాగం మారిపోయే ప్రమాదం ఉంటుంది. నిర్మాణానికి నోచుకోని నాటకం ఆధారంగా వచ్చిన 'మూన్‌లైట్'ను గిల్డ్ ఒరిజినల్ విభాగంలో చేర్చింది, అకాడమీ అడాప్టెడ్ (ముందే ఉన్న రచన ఆధారంగా రాసిన స్క్రీన్‌ప్లే) విభాగంలో చేర్చింది. గిల్డ్‌లో దాని చేతిలో ఓడిన 'మాంచెస్టర్ బై ది సీ' ఆస్కార్‌లో ఒరిజినల్ విభాగాన్ని గెలుచుకుంది. గిల్డ్‌లో అడాప్టెడ్ గెలిచిన 'అరైవల్' మాత్రం ఆస్కార్‌లో 'మూన్‌లైట్'కు దారి ఇవ్వవలసి వచ్చింది. విభాగం చూసుకోకుండా గిల్డ్ ఫలితాన్ని నమ్మినవారికి ఆ ఏడాది రెండు అంచనాలూ పోయాయి. ఇక 2024లో, రచయితల సమ్మె తర్వాత, గిల్డ్ వేడుక ఆస్కార్లు ముగిసిన నెల రోజులకు పైగా గడిచాక జరిగింది. ఆ సంవత్సరం దాన్ని సూచికగా వాడుకునే వీలే లేదు.

అపోహ: గోల్డెన్ గ్లోబ్ ఇంకా నమ్మదగినది.

వాస్తవం: అక్కడ స్క్రీన్‌ప్లేకు ఒకటే విభాగం. 2022లో 'బెల్‌ఫాస్ట్'కు ఇచ్చి ఆస్కార్‌తో కలిసింది, అంతకు ముందు ఏడాది 'ది ట్రయల్ ఆఫ్ ది షికాగో 7'కు ఇచ్చి కలవలేదు. గిల్డ్, బాఫ్టా (బ్రిటన్ సినిమా అవార్డులు) రెండింటిలోనూ అర్హత ఉండి రెండూ గెలిచిన స్క్రిప్టు అయితే, ఆ 2021లోనే ఒరిజినల్ ఆస్కార్ అందుకున్న 'ప్రామిసింగ్ యంగ్ వుమన్' లాగా, నేను ధైర్యంగా పేరు రాస్తాను.

అపోహ: రచయితలే ఓటు వేస్తారు.

వాస్తవం: నామినేషన్ల వరకే. తుది ఓటు నటులు, సాంకేతిక నిపుణులు సహా అకాడమీ సభ్యులందరిదీ. కాగితం మీది రచన కన్నా తెర మీద చూసిన సినిమాయే వారి మనసులో ఉంటుంది.

అపోహ: ఇంగ్లిష్‌లో లేనిది గెలవదు.

వాస్తవం: 'టాక్ టు హర్', 'పారసైట్' గెలిచాయి.

అపోహ: వాట్సాప్‌లో తిరిగే "లీకైన విజేతల జాబితా" నిజం కావచ్చు.

వాస్తవం: కవర్ తెరిచేవరకు ఫలితం తెలిసేది ఓట్లు లెక్కించే సంస్థలోని కొద్దిమందికి మాత్రమే. దయచేసి అటువంటి జాబితాలు నాకు పంపవద్దు.

మన జాతీయ అవార్డులకు కూడా ఇదే పద్ధతిలో అంచనా చెప్పమని కొందరు రచయితలు అడుగుతుంటారు, వారి ఆత్రుత నాకు తెలుసు. అక్కడ వేలమంది ఓట్లు ఉండవు, ముందుగా నామినేషన్ల జాబితా రాదు. కొద్దిమంది జ్యూరీ సభ్యులు కలిసి కూర్చుని, చూసిన సినిమాల మీద చర్చించి నిర్ణయిస్తారు. 66వ జాతీయ అవార్డులలో ఒరిజినల్ స్క్రీన్‌ప్లేకు 'చిలసౌ' ఎంపికైంది అలాగే. ఆ గదిలో ఏ మాట నెగ్గుతుందో బయటి నుంచి చెప్పగల లెక్క ఏదీ లేదు, అందుకే ఆ అవార్డులకు నేను అంచనాలు రాయను.