కాంబరాలో రాత్రి ఎటునుంచి దిగింది?

జపాన్ చిత్రకారుడు ఉతగావా హిరోషిగె చెక్కదిమ్మె అచ్చుబొమ్మ ‘కాంబరా: రాత్రి మంచు’ ప్రతులు రెండు రకాలుగా దొరుకుతాయి. ఒకదానిలో ఆకాశం పైఅంచున కాటుక నలుపు, కిందికి వచ్చేకొద్దీ పలచన. ఇంకోదానిలో తలకిందులు: చీకటంతా కొండల వెనక, పైన వెలిసిన బూడిద రంగు. మంచు కప్పిన ఇళ్లు, గొడుగు సగం మూసి నడిచే మనిషి, ఎదురు దిక్కున పోయే ఇద్దరు మాత్రం రెంటిలోనూ వాళ్లే.

ఇది 1833-34 ప్రాంతంలో హోయెయిదో అనే ప్రచురణ సంస్థ వేసిన తొకాయిదో (ఎదో, అంటే నేటి తోక్యో నుంచి క్యోతోకు వెళ్లే పాత దారి) బాట బొమ్మల్లోది. 53 మజిలీల్లో కాంబరా 15వది. సముద్రతీరపు ఊరు, అంత మంచు పడే చోటే కాదు. మంచు సరే, హిరోషిగె ఊహించాడనుకుందాం. రాత్రి మాత్రం అచ్చు వేసేవాడి చేతిలో పుట్టింది.

గీతలు చెక్కేది చెర్రీ చెక్క మీద. ఆకాశంలో చీకటి పలచబడే తీరును ఎవరూ చెక్కరు. దిమ్మెను తడిపి, ఒక అంచున మసిసిరా, బియ్యప్పిండి జిగురు కాస్త వేసి, బ్రష్‌తో అడ్డంగా లాగుతారు. దీన్నే బొకాషి అంటారు. మన పెడన అద్దకంలో దిమ్మెను గుడ్డ మీద ఒత్తుతారు కదా, ఇక్కడ దిమ్మె కదలదు. చెమ్మ కాగితాన్ని దానిమీద పరిచి, వెనకనుంచి బారెన్ అనే గుండ్రటి ఒత్తుడు బిళ్లతో రుద్దుతారు. ప్రతి కాగితానికీ రంగు మళ్లీ కొత్తగా లాగాల్సిందే. సిరా ఏ అంచున వేస్తే చీకటి ఆ అంచుదే.

నీళ్లు ఎక్కువైతే సిరా పారి మరక కడుతుంది, తక్కువైతే చీకటి గీత గీసినట్టు ఆగిపోతుంది. జిగురు చాలకపోతే నువ్వులు చల్లినట్టు చుక్కలు తేలతాయి. కొందరు దాన్ని కావాలనే తెప్పిస్తారనుకోండి. ఇక మంచు తెలుపంటే రంగు తగలని కాగితమే. పని మధ్యలో కాగితం ఆరితే కుంచించుకుపోయి, దిమ్మె మూలన చెక్కిన గుర్తులకు ఆనించినా అతకదు. అప్పుడు ఆకాశపు నలుపు ఇంటికప్పు మంచు మీదికి సన్నగా పాకుతుంది. అచ్చుప్రతి చేతికొస్తే ముందు ఆ అంచే చూడాలి.

ఇంత చేసినా కాంబరాలో వెలుగు ఎక్కడిదో తెలియదు, ఆ ముగ్గురికీ నీడ లేదు. తోక్యో గింజా వీధిలో 1874లో గ్యాసు దీపాలు వెలిగాయి. రెండేళ్లకే కొబయాషి కియోచికా అనే చిత్రకారుడు దీపాన్నీ, దాని నీడనూ అచ్చుబొమ్మలోకి తెచ్చాడు.