"కాకులేగా, రాయడమెందుకు?" అనేవారికి

వలంటీర్లు పంపే పక్షుల చెక్‌లిస్టులు సరిచూడటం నా పని. గంటసేపు తిరిగొచ్చి రెండంటే రెండు పక్షులు రాసి పంపేవాళ్లతోనే నాకు పేచీ. అడిగితే, "మిగతావన్నీ మామూలువే కదండీ, కాకులూ పిచ్చుకలూ" అంటారు.

అపోహ: అరుదైనది కనిపిస్తేనే సైన్సుకు ఉపయోగం.

వాస్తవం: అమెరికా, కెనడాల్లో 1970తో పోలిస్తే దాదాపు 290 కోట్ల పక్షులు తగ్గిపోయాయని 2019లో తేల్చారు. ఆ నష్టంలో ఎక్కువ భాగం ఎక్కడ చూసినా కనిపించే జాతులదే. ఆ లెక్కకు ముఖ్యమైన ఆధారం 1966 నుంచి ఏటా జరుగుతున్న సర్వే. వలంటీర్లు ఒక్కో దారిలో 50 చోట్ల ఆగి, ఆగినచోటల్లా 3 నిమిషాలు కనిపించినవీ వినిపించినవీ అన్నీ రాసుకుంటారు. వాళ్లు కూడా "మామూలువే" అని వదిలేసి ఉంటే ఇంత తగ్గుదలా ఎవరికీ తెలిసేది కాదు.

ఈబర్డ్‌లో, అంటే మనం చూసిన పక్షుల లిస్టులు నమోదుచేసే వెబ్‌సైట్, యాప్‌లో, లిస్టు పంపేముందు ఒక ప్రశ్న వస్తుంది: గుర్తుపట్టిన పక్షులన్నీ రాశారా? మీరు "అవును" అంటే, రాయని జాతి ఆ సమయంలో మీ కంటబడలేదని లెక్క. ఎంతసేపు చూశారో, ఎంత దూరం నడిచారో కూడా ఉంటే, వంద లిస్టుల్లో పిచ్చుక ఎన్నిట్లో ఉందో, పదేళ్ల కిందట ఎన్నిట్లో ఉండేదో పోల్చి చూడొచ్చు. కాకిని చూసి కూడా రాయకుండా "అవును" నొక్కారా, అక్కడ కాకుల్లేవని మీరే సాక్ష్యం చెప్పినట్టు. అన్నీ రాసే ఓపిక లేకపోతే "కాదు" నొక్కండి, ఎవరూ ఏమీ అనరు.

నాకు తెలిసిన రిటైర్డు టీచరమ్మ ఒకావిడ ఉన్నారు. మోకాళ్ల నొప్పులు, బయటికి వెళ్లలేరు. రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర పావుగంట కూర్చుని లెక్కపెడతారు. "ఇవాళా అవే బాబూ, నీ టైమంతా తినేస్తున్నాను" అని ఫోన్‌లో ఒకటే నొచ్చుకోవడం. అదే చోటు, అదే వేళ, ఏదీ వదలకుండా రాస్తారు, నాకింకేం కావాలి! కొన్నాళ్లకు పిచ్చుకలు రావడం మానేశాయి. రాయడానికేం లేదని ఆవిడ లిస్టులే ఆపేయబోయారు. అమ్మా, అసలు రాయాల్సింది ఇప్పుడేనని బతిమాలాను. రాస్తున్నారు.

అపోహ: ఒక్క పేరు తప్పు రాసినా డేటా అంతా పాడవుతుంది.

వాస్తవం: కంగారుపడకండి. ఆ చోటికి, ఆ నెలకు పొసగనిది ఏదైనా ఉంటే ముందు ఫిల్టర్ ఆపుతుంది, తర్వాత మాలాంటివాళ్లం అడుగుతాం. అడిగామంటే అనుమానించామని కాదు. పోల్చుకోలేకపోతే "ఏదో గద్ద" అన్న ఎంట్రీ ఉంది, అదే పెట్టండి.

అపోహ: డిగ్రీ లేనివాళ్లు ఏం కనిపెడతారు?

వాస్తవం: గెలాక్సీల ఫొటోలను మామూలు జనం చూసి వర్గీకరించే వెబ్‌సైట్ ఒకటుంది, గెలాక్సీ జూ. 2007లో ఆ చిత్రాల్లో ఒక వింత మచ్చను చూసి, ఇదేమిటని అడిగింది హానీ వాన్ ఆర్కెల్ అనే డచ్ బడి టీచర్. దాన్నిప్పుడు ఆమె పేరుతోనే పిలుస్తున్నారు. ఇంకేం చెప్పను?

అపోహ: పక్షి కనిపించిన చోటు లిస్టులో పెడితే వేటగాళ్లకు దారి చూపినట్టే.

వాస్తవం: ఈ పుకారు ఫార్వర్డ్ చేసేవాళ్లు ఒక్కసారైనా యాప్ తెరిచి చూస్తే బాగుండు. సున్నితమైనవని జాబితాలో పెట్టిన జాతులు ఎక్కడ కనిపించాయో ఈబర్డ్ అందరికీ చూపదు. మిగతా పక్షుల విషయంలో మాత్రం గూడు ఏ చెట్టు మీదుందో కామెంట్లో రాయకండి, అది ఎవరైనా చదవొచ్చు.