బిందెలో పటిక, జేబులో ఫోన్

"నర్సాపురం రేవులో పంటు ఎక్కగానే అందరూ ఫోన్లు పైకెత్తుతారు. కళ్లారా గోదారిని చూసేవాళ్లే ఉండరు. ఫోటో తీస్తే ఆ క్షణం మనకు మిగులుతుందా, చేజారుతుందా?" అని ఒక పాఠకుడి ప్రశ్న.

రెండూ జరుగుతాయి. ఎప్పుడు ఏది జరుగుతుందో తెలియాలంటే వరద రోజుల్లో వంటింట్లో పెట్టుకునే ఎర్రనీళ్ల బిందె దగ్గరికి వెళ్లాలి.

ఎర్రనీటిలో సన్న ఇసుక, ఒండ్రు, బంకమట్టి కలిసి ఉంటాయి. నీరు కదలకుండా ఉంటే రేణువు కిందికి దిగే వేగం దాని వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది. వ్యాసం సగమైతే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. 30 సెంటీమీటర్ల లోతున్న బిందెలో 0.06 మిల్లీమీటర్ల రేణువు నిమిషంన్నరలో అడుగుకు చేరుతుంది. 0.01 మిల్లీమీటర్ల రేణువుకు సుమారు 50 నిమిషాలు కావాలి. 0.002 మిల్లీమీటర్ల బంకమట్టికి దాదాపు ఒక రోజు పడుతుంది. అంతకన్నా సన్ననిది రోజులు గడిచినా దిగదు. పైగా బంకమట్టి రేణువుల మీద రుణ విద్యుదావేశం ఉంటుంది కాబట్టి అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగానే తేలుతుంటాయి.

పటిక ముక్క తిప్పగానే అందులోని అల్యూమినియం ఆ రుణావేశాన్ని చల్లారుస్తుంది. జిగురులాంటి అల్యూమినియం హైడ్రాక్సైడ్ కూడా ఏర్పడుతుంది. రేణువులు దానికి అంటుకుని గుత్తులు కట్టి, బరువెక్కి దిగిపోతాయి. లీటరుకు పదుల మిల్లీగ్రాముల పటికే ఇంత పని చేస్తుంది!

చూసిన క్షణంలోనూ ముతక రేణువులు, సన్న రేణువులు ఉంటాయి. ఆకారం, రంగు, ఎవరెక్కడ నిలబడ్డారన్నది ముతకవి. ఫోటోలో అవి ఇట్టే దిగుతాయి. పంటు ఇంజను మోత, తడిసిన మోకు వాసన, పక్కనున్న పెద్దాయన అన్న ఒక్క మాట మాత్రం సన్నవి. వాటికి పటిక కావాలి. రాత ఆ పటిక.

ఇది ఉత్త పోలిక కాదు, దీని వెనుక ప్రయోగాలున్నాయి. 2014లో లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రచురించిన పరిశోధనలో విద్యార్థులు ఒక మ్యూజియంలో కొన్ని వస్తువులను ఊరికే చూశారు, కొన్నిటిని చెప్పినట్టు ఫోటో తీశారు. మర్నాడు అడిగితే ఫోటో తీసినవే తక్కువగా గుర్తున్నాయి. కానీ వస్తువులో ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినప్పుడు ఆ నష్టం కనబడలేదు. 2017లో అలిక్సాండ్రా బరాష్ బృందం ఏం తీయాలో చూసేవాళ్లకే వదిలేసింది. అప్పుడు కంటితో చూసినవి బాగా గుర్తున్నాయి, చెవిన పడినవి తగ్గాయి. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తున్నట్టు అనిపించవచ్చు. నాకలా కనబడదు. ఎంచుకోవడమనే పని మనసు చేసిందా లేదా అన్నదే ఇక్కడ అసలు తేడా. కెమెరా వెనుకనున్న కన్ను ఎంచుకుంటే చూపు నిలుస్తుంది, కానీ చెవి మూసుకుపోతుంది. రాసేటప్పుడు చెవికీ ముక్కుకూ మొదటి చోటు ఇవ్వమనడం అందుకే.

ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని ఇప్పటికీ భయపడే పెద్దలున్నారు. వస్తువు మీద నుంచి ఎలాగూ వచ్చే వెలుతురునే కెమెరా పట్టుకుంటుంది, మన నుంచి అది తీసుకునేదేమీ లేదు. ఈ సంగతి వాళ్లకు ఓపిగ్గా చెప్పాలి.

ఆత్రేయపురం పూతరేకుల పొయ్యి దగ్గరకు వెళ్దాం. పిండిలో ముంచిన గుడ్డను బోర్లించిన కుండ మీద లాగగానే రేకు తేలుతుంది. ఆవిరి లేచేది క్షణమే. ఆవిరిలోని నీటి తుంపరలు వెలుతురును ఎక్కువగా ముందు దిశకే వెదజల్లుతాయి. అందుకని వెలుతురు మీ వీపు వైపు నుంచి పడితే ఆవిరి కనబడదు. గుమ్మమో కిటికీనో కుండకు అవతల, కాస్త పక్కగా ఉండేలా నిలబడండి. ఆవిరి వెనుక మసిబారిన గోడ ఉంటే మరీ మంచిది. కదిలే గుడ్డ మీద ఫోకస్ తడబడుతుంది కాబట్టి ముందే తెర మీద కుండ అంచును నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేయండి. షట్టర్ వేగం సెకనులో 250వ వంతు చాలు. రెండు మూడు రేకులు తీసేదాకా ఊరికే చూసి, లయ పట్టుబడ్డాక ఒక్కసారి నొక్కండి.

ధనుర్మాసపు పొగమంచులో చిక్కు వేరు. కెమెరా ప్రతి దృశ్యాన్నీ నడిమి బూడిదరంగుకు సర్దాలని చూస్తుంది, దాంతో తెల్లటి మంచు మురికిగా వస్తుంది. ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫోటోకు అందే వెలుతురును, +0.7 నుంచి +1 దాకా పెంచండి. ఏసీ కారులోంచి దిగగానే లెన్సు మీద తేమ పడుతుంది. తుడిచినా మళ్లీ పడుతుంది, ఫోన్ వేడెక్కేదాకా ఆగాలి. సూర్యోదయానికైతే ముందే సిద్ధంగా ఉండాలి. అమలాపురం అక్షాంశంలో పొద్దు నిటారుగా ఎక్కుతుంది, పగలూ రాత్రీ సమానంగా ఉండే విషువత్తు రోజుల్లో గంటకు 14.4 డిగ్రీలు. బింబం మొత్తం పైకి రావడానికి రెండు నిమిషాల పైచిలుకు, ఆరు డిగ్రీలు ఎక్కడానికి 25 నిమిషాలు. లండన్‌లో అదే ఆరు డిగ్రీలకు 39 నిమిషాలు పడుతుంది.

ఇక పటిక వేసే పద్ధతి. మొదట గబగబా తిప్పాలి, పటిక నీరంతా పరుచుకోవాలి. తర్వాత నెమ్మదిగా తిప్పాలి, గుత్తులు పెరగాలి. ఆ తర్వాత కదపకూడదు. రాతకూ ఇదే వరస. అక్కడికక్కడే మూడు ముక్కలు గిలకండి: ఒక శబ్దం, ఒక వాసన, ఎవరో అన్న మాట అన్నట్టుగానే. రాత్రి వాటిని ఐదారు వాక్యాలు చేయండి. తర్వాత ముట్టుకోకండి. చివరిదాకా గబగబా తిప్పితే కట్టిన గుత్తులు విరిగిపోతాయి. వరసగా నలభై ఫోటోలు లాగినప్పుడు జరిగేది అదే. పటిక మితిమీరితే రేణువుల విద్యుదావేశం తారుమారై రేణువులు మళ్లీ విడిపోతాయి, నీరు వగరెక్కుతుంది. నాలుగు పేజీల వర్ణన కూడా అలాగే వగరెక్కుతుంది.

బడిలో వ్యాసరచన పేరుతో "ప్రకృతి సోయగాలు కనువిందు చేశాయి" అని రాయించడం నాకు బాధ కలిగిస్తుంది. ఆ వాక్యం ఏ ఊరికైనా, ఏ పూటకైనా సరిపోతుంది, కాబట్టి దానికి ఏ రేణువూ అంటుకోదు. అనుభవం జరిగినప్పుడు పక్కనే ఉన్న గుర్తే తర్వాత ఆ అనుభవాన్ని బయటికి లాగుతుందని ఎండెల్ టల్వింగ్, డొనాల్డ్ థామ్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లో చూపించారు. "రేకు లేచేటప్పుడు సుయ్‌మంది, ఆమె చెయ్యి కాలినా ఆపలేదు" అని రాస్తే ఆ సుయ్ వెంట వేడి, వాసన, గది చీకటి కూడా వస్తాయి.

ఏం రాయాలన్నది పెద్ద సమస్య కాదు, మామూలు రోజునే ఎంచుకోండి. 2014లో టింగ్ ఝాంగ్ బృందం కొందరి చేత అప్పటి మాటలు, వింటున్న పాటలు, చేస్తున్న పనులు రాయించి దాచింది. మూడు నెలల తర్వాత వాటిని తెరిచినప్పుడు, తాము ముందు ఊహించినదానికన్నా ఎక్కువ ఆసక్తి కలిగిందని వాళ్లే చెప్పారు. మామూలు సంగతుల విషయంలోనే ఆ అంచనా ఎక్కువగా తప్పింది. కాబట్టి ఫోటో కింద తేదీ, రేవు పేరు, మాట అన్న మనిషి ఎవరో తప్పక రాయండి. సంక్రాంతికి రాసింది ఉగాది దాటాకే తెరవండి.