పది జిల్లాలు ముప్పై మూడయ్యాక ఆటగాళ్ల దారి ఎంత పెరిగింది?

రాష్ట్రస్థాయి పోటీలకు జిల్లా జట్లు హైదరాబాద్ వచ్చిపోయే ఖర్చు ఎవరు భరించాలన్న గొడవ మళ్లీ మొదలైంది. దానితో పాటే, దగ్గరి జిల్లాలన్నీ కలిసి ఆడుకునే ప్రాంతీయ లీగ్‌లు పెట్టాలన్న మాటా వినిపిస్తోంది. క్రీడా సంఘాల పాత తగాదాలు, హైదరాబాద్ ఎల్బీ స్టేడియం చుట్టూ నడిచిన రాజకీయం అందరికీ తెలిసినవే. వాటి జోలికి పోవడం లేదు. నా దృష్టిలో ఈ సమస్య ముదిరింది 2016 అక్టోబర్ 11 తర్వాతే.

ఆ రోజు దసరా. పది జిల్లాల తెలంగాణ 31 జిల్లాలైంది. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. కలెక్టరేట్ జనానికి దగ్గరైంది, అది మంచిదే. కానీ చాలా క్రీడల్లో సంఘాలు కూడా అవే సరిహద్దులు పెట్టుకున్నాయి. జిల్లాకో సంఘం, జిల్లాకో జట్టు. అంతకుముందు ఉమ్మడి ఆదిలాబాద్ పేరుతో ఒకే జెర్సీ వేసుకున్న పిల్లలు ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ అని నాలుగు జట్లుగా విడిపోయారు.

దీనివల్ల ఏం జరిగిందో లెక్క వేసి చూడండి. పది జట్లుంటే రెండు పూల్స్ (గుంపులు) చేసి, ఒక్కో గుంపులో అందరినీ అందరితో ఆడించొచ్చు. ప్రతి జట్టుకూ నాలుగు మ్యాచ్‌లు దక్కుతాయి, మొత్తం 20 మ్యాచ్‌లతో పూల్ దశ అయిపోతుంది. 33 జట్లను ఎనిమిది పూల్స్ చేస్తే 52 మ్యాచ్‌లు పెట్టాలి, అయినా ఎక్కువ జట్లకు దక్కేవి మూడే. మూడు నాలుగు రోజుల్లో ముగించాలంటే పూల్స్ ఇంకా చిన్నవి చేయాలి, లేదా నేరుగా నాకౌట్ పెట్టాలి. నాకౌట్ అంటే దాదాపు సగం జట్లు ఆడిన మొదటి మ్యాచ్‌తోనే ఇంటిదారి పడతాయి. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్ల పైమాటే. రాత్రంతా బస్సులో కూర్చుని, తెల్లవారకముందే జేబీఎస్ బస్టాండులో దిగి, డార్మిటరీలో గంటసేపు నడుం వాల్చి, పొద్దున్నే కబడ్డీ మ్యాట్ మీదికి వెళ్లే కుర్రాడు నలభై నిమిషాల ఆట ఆడి ఓడిపోతే, సాయంత్రం మళ్లీ అదే బస్సు. ఆ ఓటమిలో అలసట వాటా ఎంతో ఎవరూ రాసుకోరు. ఏడాదంతా ప్రాక్టీస్ చేసి ఒక్క మ్యాచ్ ఆడిన పిల్లాడు మరుసటి ఏడు గ్రౌండ్‌కు రాకపోతే అతణ్ని తప్పుపట్టలేం.

2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు రైల్వే చాలా రాయితీలను ఆపేసింది. దివ్యాంగులు, రోగులు, విద్యార్థులకు ఉన్నవి కొనసాగాయి. టోర్నమెంట్లకు వెళ్లే క్రీడాకారుల రాయితీ మాత్రం ఆగిపోయింది. జట్టును వెంటబెట్టుకుని వెళ్లే పీఈటీ సారుకు ఇక చందాలే దిక్కయ్యాయి. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం వచ్చాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో అమ్మాయిల జట్లకు టికెట్ బాధ తప్పింది. అది నిజంగా పెద్ద మేలు. కానీ టికెట్ పోయినా దూరం పోలేదు. ఇంటర్ అమ్మాయికి మూడు రోజుల క్లాసులు పోవడం అలాగే ఉంది.

ఒకే చోట పోటీ పెడితే సెలక్టర్లు అందరినీ ఒకేసారి చూడగలరని, రిఫరీలు, మంచి మ్యాట్లు, ఇండోర్ హాళ్లు ఎక్కువగా ఉన్నది నగరంలోనేనని నిర్వాహకులు అంటారు. అందులో నిజం ఉంది.

అయితే ప్రాంతాల వారీగా ఆడించడం కొత్త సంగతేమీ కాదు. ఉస్మానియా యూనివర్సిటీ జట్టు ముందు సౌత్ జోన్‌లో ఆడుతుంది, అక్కడ గెలిచి నిలిస్తేనే అఖిల భారత పోటీలకు వెళ్తుంది. రంజీ ట్రోఫీ 1957-58 నుంచి 2001-02 దాకా జోన్ల లీగ్‌గానే నడిచింది. 1986-87లో హైదరాబాద్ రంజీ గెలిచింది ఆ పద్ధతిలోనే. 2016-17లో క్రికెట్ బోర్డు అన్ని మ్యాచ్‌లనూ తటస్థ వేదికల్లో పెట్టి చూసింది. ఆ నవంబర్‌లో త్రిపురతో ఆడాల్సిన హైదరాబాద్ జట్టు ఢిల్లీ వెళ్తే పొగమంచు కాలుష్యం వల్ల ఆ మ్యాచే రద్దయింది. కెప్టెన్లు, కోచ్‌లు వద్దనడంతో మరుసటి ఏడాదే సొంత గడ్డ మ్యాచ్‌లు తిరిగి వచ్చాయి. విమానాల్లో తిరిగే రంజీ ఆటగాళ్ల మాటకు ఒక్క ఏడాదిలో విలువ దక్కింది. బస్సు స్టాండుల్లో పడుకునే జిల్లా పిల్లల మాటకు ఇన్నేళ్లు పట్టడం నాకు బాధగా ఉంది.

మన దగ్గర మ్యాప్ కూడా సిద్ధంగానే ఉంది. ఉద్యోగ నియామకాల కోసం 2018లో రాష్ట్రాన్ని ఏడు జోన్లు చేశారు. బాసర జోన్‌లో ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్, జగిత్యాల ఉన్నాయి. ఆదిలాబాద్ నుంచి నిర్మల్ సుమారు 80 కిలోమీటర్లు. పొద్దున బయల్దేరి, మ్యాచ్ ఆడి, రాత్రి భోజనానికి ఇంటికి చేరొచ్చు. ఆదివారాల్లో పెట్టుకుంటే క్లాసులు పోవు, డార్మిటరీ అక్కర్లేదు. నాలుగు జట్లు సొంత ఊళ్లో ఒకసారి, ఎదుటివాళ్ల ఊళ్లో ఒకసారి ఆడితే ఒక్కో జట్టుకు ఆరు మ్యాచ్‌లు వస్తాయి. గురుకులాల్లో జోనల్ గేమ్స్ పెట్టి, ఆ తర్వాతే రాష్ట్ర పోటీలకు పంపుతున్నారు. స్కూల్ గేమ్స్‌లో ఇప్పటికీ ఉమ్మడి జిల్లా సెలక్షన్స్ జరుగుతున్నాయి. అంటే బడి పిల్లలకు ఉన్న మధ్య మెట్టు, బడి దాటిన పిల్లలకే లేదు.

జోన్ లీగ్ వస్తే జిల్లా సంఘాలు రద్దవ్వాలా అంటే, అక్కర్లేదు. సంఘాలు ఉండొచ్చు, జిల్లా జట్లూ ఉండొచ్చు. జోన్‌లో గెలిచిన ఏడు జట్లు హైదరాబాద్ వస్తే చాలు, ఆతిథ్యమిచ్చే జట్టుతో కలిపి ఎనిమిది జట్లతో రాష్ట్ర పోటీ రెండు మూడు రోజుల్లో పూర్తవుతుంది. తేలాల్సిన చిక్కు సర్టిఫికెట్ దగ్గర ఉంది. స్పోర్ట్స్ కోటా మీద ఆశ పెట్టుకున్న తల్లిదండ్రులు కోచ్‌ను మొదట అడిగేది సర్టిఫికెట్ గురించే. జోన్ దశలో ఓడిన జట్టు పిల్లలకు రాష్ట్రస్థాయిలో ఆడినట్టు కాగితం రాదు. ఇప్పుడైతే మొదటి మ్యాచ్‌లో ఓడినా అది వస్తోంది. ఆ కాగితం కోసమే చాలా ఇళ్లు 300 కిలోమీటర్ల ఖర్చును భరిస్తున్నాయి. కాబట్టి జోన్ లీగ్‌లో ఆడిన మ్యాచ్‌లకు ఏ విలువ ఇస్తారో సంఘాలు, ప్రభుత్వం ముందే రాసివ్వాలి. ఇప్పుడు నడుస్తున్న చర్చలో ఆ ఒక్క విషయమే ఎవరూ ఎత్తడం లేదు.