ఫెయిరీఫుట్ కథ ఎవరిది?

ఫ్రాన్సెస్ బ్రౌన్ పేరు ఎప్పుడు చర్చకొచ్చినా పక్కనే ఇంకో ఫ్రాన్సెస్ పేరు వచ్చేస్తుంది. ‘సీక్రెట్ గార్డెన్’ అనే పిల్లల నవల రాసిన ఫ్రాన్సెస్ హాడ్జ్‌సన్ బర్నెట్, అంధ రచయిత్రి బ్రౌన్ రాసిన ‘ఫెయిరీఫుట్’ కథని తనదిగా చేసుకుందని కొందరు, ఆవిడే లేకపోతే బ్రౌన్ ఎవరో మనకి తెలిసేది కాదని ఇంకొందరు. ఈ గొడవ మళ్ళీ లేచింది. బ్రౌన్ బాల్యం సంగతులు అందరూ రాసినవే: ఐర్లండ్‌లోని డోనెగాల్ కౌంటీ, స్ట్రనోర్లర్ అనే ఊరు, పోస్ట్‌మాస్టర్ తండ్రి, 1816లో పుట్టుక, ఏడాదిన్నర వయసులో మశూచి వచ్చి చూపు పోవడం. అవి వదిలేసి అసలు మలుపు దగ్గరికి వెళ్దాం.

ఆ మలుపు 1880ల్లో వచ్చింది. బ్రౌన్ 1879లోనే లండన్ దగ్గర రిచ్‌మండ్‌లో చనిపోయింది కాబట్టి జవాబు చెప్పడానికి ఆమె లేదు. అప్పటికే ‘లిటిల్ లార్డ్ ఫాంట్‌లరాయ్’ నవలతో పెద్ద పేరు తెచ్చుకున్న బర్నెట్, పిల్లల పత్రిక ‘సెయింట్ నికొలస్’లో ‘ప్రిన్స్ ఫెయిరీఫుట్’ అనే కథ వేసింది. పోగొట్టుకున్న ఓ పుస్తకంలోని కథల్ని, వాటిని చదివిన పిల్లే పెద్దయ్యాక తిరిగి చెబుతున్నట్టు ఒక వరస వెయ్యాలన్నది ఆవిడ ఆలోచన. ఆవిడ చెప్పుకున్నది ఇదీ: ఆరేడేళ్ళ వయసులో ఎవరో ఓ కథల పుస్తకం ఇచ్చారు, కొన్ని నెలలకే అది పోయింది. ఇంగ్లండ్‌లో, అమెరికాలో ఎంత వెతికినా దొరకలేదు, వాషింగ్టన్ కాంగ్రెస్ లైబ్రరీలో ఉన్న స్నేహితుడిని అడిగినా ఆచూకీ తెలియలేదు. ఓ చిన్నపిల్లకి మాటిచ్చింది కాబట్టి గుర్తున్నంతవరకు కథ అల్లి, కొత్త పాత్రలూ సంభాషణలూ చేర్చి, నోట్‌పేపర్ మీద రాసి, అలంకరించిన శాటిన్ అట్టలో పెట్టి పంపింది. ఆ పిల్ల మళ్ళీ మళ్ళీ చదువుతుంటే మిగతా పిల్లలకీ నచ్చుతుందనిపించి అచ్చుకిచ్చింది.

ఇందులో అబద్ధం ఉందని నేను అనుకోవట్లేదు. 1890లో వచ్చిన తన కథల సంపుటిలో ఈ సంగతంతా అచ్చువేయించింది కూడా. కానీ ఆ వివరణ చివర్లో, పోయిన పుస్తకం ‘గ్రానీస్ వండర్‌ఫుల్ చెయిర్’ అని తర్వాత తెలిసిందని ఒక్క వాక్యం ఉంటుంది. అది బ్రౌన్ పుస్తకమే. పుస్తకం పేరుంది, రాసినావిడ పేరు లేదు. గొడవంతా నాకు అక్కడే మొదలైనట్టు కనిపిస్తుంది.

పైగా ఆ పుస్తకం నిజంగా మాయమైపోయిందీ లేదు. 1856 చివర్లో వచ్చిన మొదటి ముద్రణ అయిపోయాక చాలాకాలం దొరకని మాట నిజమే గానీ, 1880ల్లో లండన్‌లో కొత్త ముద్రణలు వస్తూనే ఉన్నాయి. పేరు తెలియకుండా వెతికితే దొరక్కపోవచ్చు, అది ఒప్పుకోవాలి. అయితే పుస్తకం పేరు మర్చిపోయినావిడకి కథలో ఊరి పేరు మాత్రం చెక్కుచెదరకుండా గుర్తుంది: స్టంపింగ్‌హామ్.

బర్నెట్ వైపు మాట్లాడేవాళ్ళు తరచూ అనేదేమిటంటే, ఇవి జానపద కథలు, ఎవరైనా చెప్పుకోవచ్చు. ఏడు చేపల కథకి సొంతదారు లేడు, నిజమే. స్టంపింగ్‌హామ్ అలాంటిది కాదు. అక్కడ పాదం ఎంత పెద్దదైతే మనిషికి అంత గౌరవం, అలాంటి రాజు గారింట్లో చిట్టి పాదాల కొడుకు పుడితే తలవంపులని గొర్రెల కాపరుల దగ్గరికి పంపించేస్తారు. అందరికీ ఉన్నదాన్నే గొప్పగా చూసే చోట వేరుగా పుట్టినవాడి గతి ఏమవుతుందో ఈ కథలో ఉంది. దీన్ని పసితనంలోనే చూపు పోయిన మనిషి అల్లింది. ఏ ఊరి అవ్వ దగ్గరో విన్నదైతే ఈ వ్యంగ్యం ఇంత సూటిగా ఉండేది కాదు. బర్నెట్ కథలో రాజకుమారి పేరు మారింది, సంభాషణలు పెరిగాయి, ఊరూ పిల్లాడూ పాదాల గోలా అలాగే ఉన్నాయి.

ఇంకోటి. బ్రౌన్‌కి కథ రాయడం సరదా కాదు, అదే బతుకుతెరువు. చిన్నప్పుడు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ పైకి చదువుకునే పాఠాలు విని నేర్చుకుంది, వాళ్ళ ఇంటిపని తను చేసిపెట్టి బదులుగా పుస్తకాలు చదివించుకుంది. హోమర్ ఇలియడ్ విన్నాక తన పద్యాలు ఇక దేనికీ పనికిరావనిపించి తగలబెట్టేసింది, చాలా ఏళ్ళు మళ్ళీ కలం జోలికి పోలేదు. 1840లో ‘ఐరిష్ పెన్నీ జర్నల్’తో తిరిగి మొదలుపెట్టి, 1847లో చెల్లెల్ని వెంటబెట్టుకుని ఎడిన్‌బరోకి, 1852లో లండన్‌కి మారింది. చదివి పెట్టేదీ, తను చెబుతుంటే రాసి పెట్టేదీ ఆ చెల్లెలే. బ్రిటన్ ప్రధాని రాబర్ట్ పీల్ ఏడాదికి 20 పౌండ్ల పింఛను ఇప్పించాడు, లాన్స్‌డౌన్ ప్రభువు ఒకసారి 100 పౌండ్లు ఇచ్చాడు. మిగిలిందంతా పత్రికలకి రాసిన కవితలూ వ్యాసాలూ కథలతో నెట్టుకొచ్చినదే, అందులోనే తల్లి పోషణ కూడా. ఇలాంటి మనిషికి పేరొక్కటే ఆస్తి.

బర్నెట్ తర్వాత సరిదిద్దుకుందని వాదించడానికి ఆధారం 1904 ముద్రణ. న్యూయార్క్‌లో బ్రౌన్ పుస్తకం మళ్ళీ వచ్చినప్పుడు బర్నెట్ ముందుమాట రాసి, పోయిన పుస్తకం కథ మళ్ళీ చెప్పింది. ఆ ముందుమాట వల్ల అమెరికా పిల్లల చేతికి బ్రౌన్ చేరిందనడంలో సందేహం లేదు. అయితే అప్పటికి ఆమె పోయి పాతికేళ్ళు. బర్నెట్ రాసిన ‘ప్రిన్స్ ఫెయిరీఫుట్’ ఇప్పటికీ ఆవిడ సంపుటాల్లో వస్తోంది. అది వేసేవాళ్ళు కథ కింద ఒక లైన్‌లో ఫ్రాన్సెస్ బ్రౌన్ పేరు వెయ్యాలని అడగడం అత్యాశేమీ కాదు, 1890లోనే పడాల్సిన లైన్ అది.